ఎనభై ఏడో కీలు ఎంత గట్టిది?

అక్టోబరు 3, శుక్రవారం

ఈ పుస్తకంలో కీలు సంగతులు మాత్రమే రాయాలనీ, సొంత గొడవలు రాయకూడదనీ సంఘం వాళ్లు మొదటి పేజీలో అచ్చు వేయించారు. ఎనభై ఏడో కీలుకి ఇటుపక్క నా తెప్ప, అటుపక్క మా తోటికోడలు పేరంటాలక్క తెప్ప. ఆవిడను వదిలేసి కీలు సంగతి ఎలా రాయాలో ఆ అచ్చు వేయించినవాళ్లే చెప్పాలి. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. దిద్దడానికి వీల్లేనన్ని ఉంటే కోప్పడకండి. 

కీలు పరిస్థితి: బాగానే ఉంది. పైకి. లోపల ఏముందో ఎవరికి తెలుసు?

పొద్దున్నే ఉప్పు గీరి, రబ్బరు తుడిచి, బోల్టులకు చేపనూనె రాశాను. బోల్టులు పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇంటికొచ్చి అన్నం వారుస్తుంటే, మొదటిసారి పదకొండే వచ్చాయేమోనని అనుమానం వచ్చింది. మళ్లీ వెళ్లి లెక్కపెట్టాను. పన్నెండే. అన్నం మెత్తబడింది.

రేపు గట్టిదనం చెప్పే రోజు. మా అలలపేట నీళ్ల మీది ఊరు, ఇళ్లు మోసే తెప్పలు రెండు వందల పద్నాలుగు. వాటిని కలిపే కీళ్లు మూడు వందల పైచిలుకు. వలలే సముద్రంలోకి వెళ్లి, చేపలు పట్టి, తూకం వేసి, అమ్ముకుని కూడా వచ్చే రోజులు వచ్చాక, గంపలు దించేసిన మా ఆడవాళ్లకు ఈ కీళ్ల కాపలా ఇచ్చారు. వాయుగుండాల కాలానికి ముందు ప్రతి కాపరీ వెళ్లి తన కీలు ఎంత గట్టిదో లెక్కల పెట్టెకి చెప్పాలి. కీలు మీద నీళ్ల డబ్బాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవాలి. అది ఒక వేలు మందం కిందికి దిగేసరికి ఎన్ని కిలోలు పట్టాయో, అంత దాని గట్టిదనం.

డబ్బా ఒక్కోటి ఇరవై కిలోలు. నాకు నడుము నొప్పి. డబ్బా ఎత్తుతుంటే నడుము పట్టేసి, పట్టేసిన నడుముతో నీళ్లలో పడి, నేను పడ్డట్టు సాయంత్రం దాకా ఎవరికీ తెలియకపోతే? అందుకని డబ్బాల జోలికి పోలేదు. నేనే కీలు మీదకెక్కి రెండుసార్లు గెంతాను. పెద్దగా కదిలినట్టు అనిపించలేదు.

పేరంటాలక్క అటు గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆవిడకి డెబ్భై ఎనిమిది. నాకన్నా ఏడేళ్లు పెద్ద.

"ఏటే రత్నం, ఈ వయసులో తొక్కుడుబిళ్లా?" అంది.

"కీలు సూత్తన్నానక్కా."

"గెంతితే గట్టిదనం తెలుత్తదేటే? అలాగైతే సంఘం వోళ్లు మనకి కప్పల్నిచ్చేవోరు."

మా కీలు కాపలా ఏడాది ఆవిడది, ఏడాది నాది. పోయిన ఏడాది ఆవిడ మూడు వందల యాభై చెప్పింది. నేను నాలుగు వందలు అనుకున్నాను. తోటికోడలికన్నా తక్కువ చెప్పడం బాగుండదు.

అక్టోబరు 4, శనివారం

లెక్కల పెట్టె ఊరి నడుమ పెద్ద తెప్ప మీద ఉంటుంది. దాని లోపల మా ఊరే ఇంకొకటి ఉందంటారు. నకలు ఊరు. మా ఊరిని శనగబద్దలంత ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య మేం చెప్పిన గట్టిదనం పెట్టి అతికించి, దాని మీదికి గాలివాన వదిలి చూస్తుందట. అక్కడ ఏ కీలు తెగితే ఇక్కడ ఆ కీలు దగ్గర తాళ్లు బిగిస్తారు. అంతా మేం చెప్పే అంకె మీద ఉంది. తలచుకుంటే నాకు వరసలో నిలబడి ఉండగానే చెమటలు పట్టాయి.

"ఎనభై ఏడవ కీలు గట్టిదనం దయచేసి చెప్పండి" అంది పెట్టె.

"నాలుగు వేలు" అన్నాను.

ముప్ఫై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని తిరిగినదాన్ని. మనసులో ఉన్న మాట ముందే బయటపెడితే ఎదుటివాడు దాన్ని సగానికి నరుకుతాడు. మనిషయితే కాస్త మొహమాటం ఉంటుంది, సగంతో ఆగుతాడు. ఇది పెట్టె. పదో వంతుకి దించుతుందని అంచనా వేసుకుని వెళ్లాను. నాలుగు వేలు అంటే దిగి దిగి నాలుగు వందల దగ్గర ఆగుతుంది.

"గత సంవత్సరం మూడు వందల యాభై. ఈ సంవత్సరం నాలుగు వేలు. దయచేసి నిర్ధారించండి."

మొదలెట్టింది అనుకున్నాను. కొంగు నడుముకి దోపుకున్నాను.

"నిర్దారించేదేటి? సరుకు సూసి మాటాడు. ఒక్కటి తగ్గదు."

"నాలుగు వేలు. ధన్యవాదాలు. తదుపరి కీలు."

 బేరమాడకుండా పుచ్చుకున్నవాడు మర్నాడు పోలీసుని తీసుకొస్తాడని మా అత్తగారు అనేది.

"పోనీ, మూడు వేలు సేసుకో" అన్నాను. "రెండున్నర! ఓయ్, నిన్నే!"

వెనకనున్న తొంభయ్యో కీలు కాపరి నన్ను భుజం పట్టి పక్కకి జరిపింది.

అక్టోబరు 6, సోమవారం

పొద్దున్న స్తంభం మీది బాకా మోగింది. నన్ను పట్టుకోవడానికే అనుకుని తలుపు గడియ పెట్టుకున్నాను.

తలుపు కొట్టింది సంఘం కార్యదర్శి తాతబ్బాయి. చేతిలో ప్లాస్టిక్ పూలదండ. వెనకాల పదిమంది.

"రత్నం పిన్నీ, ఊరు మొత్తం మీద గట్టి కీలు నీదేనంట! పెట్టె సెప్పింది. నువ్వు ఇంత బాగా సూసుకుంటన్నావని మాకు తెలీనే లేదు" అంటూ దండ మెడలో వేశాడు.

"ఏదో బాబూ..." అన్నాను. అక్కడే చెప్పేస్తే పోయేది. కానీ పదిమంది చప్పట్లు కొడుతుంటే, ఆగండి నేను అబద్ధం చెప్పానని అనడానికి చాలా ధైర్యం కావాలి. నాకు అంత ఉంటే ఇంట్లో మూడు గడియలెందుకు?

తర్వాత తాతబ్బాయి కాగితం చదివాడు. ఎనభై ఏడు అంత గట్టిది కాబట్టి నకలు ఊరిలో బరువంతా దాని మీదికే పోతోందట. గట్టిగా నిలబడ్డవాళ్ల మీదే కదా అందరూ ఆనుకునేది. కనుక ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది కీళ్ల తాళ్లు వదులు చేస్తారట. మంచినీళ్ల ట్యాంకు తెచ్చి నా తెప్ప మీద పెడతారట.

"ట్యాంకా? ఎంత బరువు బాబూ?"

"అయిదు టన్నులే పిన్నీ. నీ కీలుకి అదో లెక్కా?"

ఇంజనీరమ్మ గ్రేస్‌మణి గారు ఉంటే పట్టేసేవారు. ఆవిడ పక్క ఊరి కీళ్లు చూడ్డానికి వెళ్లారు. పదో తారీఖుకి గాని రారు.

పేరంటాలక్క అటు గుమ్మంలోంచి దండ వంక చూసింది.

"ఆ కీలు సగం నాది కాదేటే? సగం దండ ఇటు విసురు."

అక్టోబరు 7, మంగళవారం

ట్యాంకు వచ్చింది. నింపారు. నా తెప్ప జానెడు కిందికి దిగింది. వంటింట్లో ఉల్లిపాయ కింద పెడితే గుమ్మం దాకా దొర్లుకుంటూ వెళుతోంది. నాలుగుసార్లు పెట్టి చూశాను. నాలుగుసార్లూ వెళ్లింది.

కీలు పొద్దున్నుంచీ పళ్లు నూరుతున్నట్టు చప్పుడు చేస్తోంది. నేను దాని పక్కన కూర్చుని దగ్గుతున్నాను, చప్పుడు ఎవరికీ వినపడకుండా. మధ్యాహ్నానికి గొంతు పోయింది.

పేరంటాలక్క ఇల్లు కూడా ఇటే వంగింది. "నా మంచం నీ ఇంటికి వచ్చేత్తానంటందే. దానికి నీ మీద ఇంత పేముందని నాకు తెలీదు" అంది. తర్వాత కీలు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. అదే నాకు భయం వేసింది. ఆవిడ ఏమీ అనకుండా ఉండటం నేను పెళ్లయి వచ్చాక ఇదే చూడటం.

అక్టోబరు 8, బుధవారం

కొలత సవరించుకోవడానికి ఒక్కసారి అవకాశం ఉంటుందని సంఘం ఇచ్చిన కాగితంలో ఉంది. ఎవరూ లేని వేళ చూసి, మధ్యాహ్నం ఎండలో పెట్టె దగ్గరికి వెళ్లాను.

ఎంత చెప్పాలి? నాలుగు వందలు చెబితే, నాలుగు వేలు ఎలా చెప్పావని అడుగుతుంది. అసలు నాలుగు వందలు మాత్రం నిజమా? గెంతి చెప్పిన లెక్క. ఎక్కువ చెబితే ఇంత ప్రమాదం వచ్చింది కాబట్టి తక్కువ చెప్పడమే క్షేమం అనిపించింది. ఎంత తక్కువైతే అంత క్షేమం.

"సున్నా" అన్నాను.

"సున్నా. ధన్యవాదాలు. నకలు ఊరు మళ్లీ నడుస్తోంది."

నేను ఇల్లు చేరే లోపలే బాకా మోగింది.

"ముఖ్య ప్రకటన. చోడిపల్లి పేరంటాలు గారి తెప్ప ఊరి నుంచి విడిపోయినది. ప్రస్తుత స్థానం, చంద్రుడికి అవతల."

ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. కొందరు చెంబులతో, ఎందుకో తెలియదు. పేరంటాలక్క గుమ్మంలో బెండకాయలు తరుగుతోంది.

"ఏటర్రా?"

"పెద్దమ్మా! నువ్వు సంద్రుడికి అవతలున్నావంట!" అన్నాడు తాతబ్బాయి రొప్పుతూ.

"పులుసు పొయ్యి మీదుంది. దించేసి ఎల్తాను" అంది ఆవిడ.

తర్వాత అందరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. పెట్టె మాత్రం, ఇలాంటి కొలత చెల్లదు, పాత నాలుగు వేలే కొనసాగుతుందని చెప్పింది. నా అవకాశం ఒకటీ అయిపోయింది. ట్యాంకు ట్యాంకులాగే ఉంది. కీలు ఇప్పుడు పళ్లు నూరడం మాని మూలుగుతోంది.

అక్టోబరు 10, శుక్రవారం

మూడు సంగతులు. గ్రేస్‌మణి గారు వచ్చారు. వాయుగుండం బలపడి తుపాను అయింది, ఆదివారం మధ్యాహ్నానికి మా మీదికి వస్తుంది. నేను నిజం చెప్పేశాను.

గ్రేస్‌మణి గారు పడవ దిగీ దిగగానే నా తెప్ప వంకర చూసి నేరుగా వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుంటారు. ఆ కళ్లకి కనపడనిది మాత్రం లేదు. కీలు రబ్బరు మీద చీలిక చూపించి, "మామ్మగారూ, ఇది నాలుగు వేల కీలు కాదు కదా?" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఏడుపొచ్చింది. గెంతిన దగ్గర్నుంచీ సున్నా దాకా అంతా చెప్పాను. "బేరమాడుద్దనుకున్నానమ్మా. దాన్ని నమ్మి ఎక్కువ సెప్పాను. అది నన్ను నమ్మేసింది" అన్నాను.

చుట్టూ జనం పోగయ్యారు. నన్ను ఊళ్లోంచి గెంటేస్తారనుకున్నాను.  తొంభయ్యో కీలు కాపరి, మొన్న నన్ను పక్కకి జరిపిన మనిషే, గొంతు సవరించుకుంది.

"ఆయ్, నేనూ కొద్దిగా కొసరేశానండి. నూట యాభై వొచ్చింది. మూడొందలన్నాను."

"నేను ఆరొందలన్నాను" అంది ఇంకొకావిడ. "కొలిత్తే రెండొందలు."

"కొలిసేవా నువ్వు?" అంది మూడో ఆవిడ ఆశ్చర్యంగా.

అంతే, వరస కట్టారు. జన్మంతా చేపలు తూచి, పైన రెండు చేపలు కొసరు వేసిన చేతులు. ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం వాటికి రాదు. మొత్తం నూట ముప్ఫై ఆరుగురు. గ్రేస్‌మణి గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. తాతబ్బాయి, "అంటే లోపలున్నది మనూరు కాదా?" అన్నాడు. "కాదండీ. ఇంకా మంచి ఊరు" అన్నారావిడ.

ట్యాంకు తీయించారు. తాళ్లు బిగించారు. కానీ ఒకటిన్నర రోజులో మూడు వందల కీళ్లు మళ్లీ కొలవడం ఎవరి తరమూ కాదు. 

"అన్నీ అక్కర్లేదు మామ్మగారూ" అన్నారు గ్రేస్‌మణి గారు. నన్ను పెట్టె దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఒక కీలు అంకెను సగం చేస్తారు, నకలు ఊరి మీదికి తుపాను వదులుతారు. రెట్టింపు చేస్తారు, మళ్లీ వదులుతారు. "చూడండి, తొంభయ్యో కీలు. సగం చేసినా ఊరు నిలబడింది, రెట్టింపు చేసినా నిలబడింది. ఇక దాని అసలు అంకె ఎంతో తెలియకపోయినా మనకి బెంగ లేదు. ఏ అంకె మారిస్తే జవాబు మారుతుందో, దాన్ని మాత్రం వెళ్లి కొలవాలి."

డెబ్భై ఒక్క ఏళ్లు వచ్చాయి, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడే కూర్చుని నా బెంగలన్నీ సగం చేసి, రెట్టింపు చేసి చూసుకున్నాను. తలుపు మూడో గడియ: ఉన్నా లేకపోయినా దొంగ రాడు, సముద్రం మధ్యలోకి ఎవడొస్తాడు? పోయింది. బోల్టులు మూడోసారి లెక్కపెట్టడం: పోయింది. అలా పద్దెనిమిది బెంగలు పోయాయి. ఒళ్లు తేలికైపోయింది. ఏదో మరిచిపోయానని కొత్త బెంగ పట్టుకుంది.

సాయంత్రానికి పెట్టె అన్ని కీళ్లూ చూసేసింది. సగం చేస్తే ఒకలా, రెట్టింపు చేస్తే ఒకలా జవాబు మారిన కీలు ఊరంతటికీ ఒక్కటే ఉంది.

ఎనభై ఏడు.

నా నాలుగు వేలు తీసేసి, పోయిన ఏడాది మూడు వందల యాభై పెట్టి చూశారు. రెట్టింపు చేస్తే నిలబడింది. సగం చేస్తే తెగింది. తెగిన పేరంటాలక్క తెప్ప గాలికి తిరిగి వచ్చి, పక్కనున్న ఏడు ఇళ్లను గుద్దింది.

అక్టోబరు 11, శనివారం

పొద్దున్నే కొలత. గ్రేస్‌మణి గారు ముందే చెప్పారు: రెండు వందల యాభై, ఆ పైన వస్తే పేరంటాలక్క ఇల్లు ఉంటుంది. తక్కువొస్తే బోల్టులు విప్పి, ఆ తెప్పను తుపానుకి ముందే దూరంగా సముద్రంలోకి వదిలేయాలి. మనిషిని తీసుకొస్తారు. ఇల్లు పోతుంది.

డబ్బాలు ఈసారి నలుగురు మోశారు. కీలు పక్కన సంఘం వాళ్ల ఇత్తడి వేలు నిలబెట్టారు. అది దిగుడు కొలిచే గుర్తు, అందరి వేలూ ఒక్కలా ఉండదని పెట్టారు. పది డబ్బాలు. పదకొండు. పన్నెండో డబ్బా పెట్టగానే కీలు సరిగ్గా ఇత్తడి వేలు అంచుకి దిగి ఆగింది.

పన్నెండు ఇరవైలు. రెండు వందల నలభై.

"నా వేలెట్టి కొలవండి" అంది పేరంటాలక్క. చూపుడువేలు చాపింది. వంకాయంత లావుంటుంది అది. "నా వేలు దిగాలంటే ఇంకో రెండు డబ్బాలు పడతాయి. నా ఇల్లు, నా వేలు. ఇత్తడి దానికి ఇల్లుందేటి?"



ఇంజనీరమ్మ ఎదురుగా కొలిచిన అంకెను పెట్టె మళ్లీ పుచ్చుకుంటుంది, కానీ కాపరి నోటితోనే చెప్పాలి. అందరూ నా వైపు తిరిగారు. పేరంటాలక్క నా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. ఆవిడకి తగ్గిన గొంతు ఉందని నాకు తెలియదు.

"రత్నం, ఒక్క డబ్బా ఎక్కువ సెప్పవే. ఒక్కటి. నీకలవాటేగా."

నా ప్రాణం గిలగిలలాడింది. పది కిలోలు తేడా. గంపలో రెండు సావడాయ చేపలు ఎక్కువ పడితే ఎవరు అడిగారు? కానీ ఏడు ఇళ్లు కళ్ల ముందు కనిపించాయి. ఆ ఏడింటిలో ఎవరెవరు ఉంటారో, ఎవరికి మోకాళ్లు లేవవో, అన్నీ నాకు తెలుసు.

"రెండొందల నలభై" అన్నాను.

"రెండు వందల నలభై. నిర్ధారించండి" అంది పెట్టె, గ్రేస్‌మణి గారి చేతిలోని ఫోనులోంచి.

"ముమ్మాటికీ అంతే."

పేరంటాలక్క వెనక్కి తిరిగి తన ఇంట్లోకి వెళ్లి, ఇనప మంచం మీద కూర్చుంది. తాతబ్బాయి బోల్టులు విప్పే రెంచీ తెప్పించాడు.

నేను కీలు దగ్గరే నిలబడిపోయాను. తలకాయ పనిచేయడం లేదు, మెడ నొప్పి పెడుతోంది. పాత నొప్పి, గంప మోసిన నొప్పి. మెడ గట్టిపడే మార్గం లేనప్పుడు మేం ఏం చేసేవాళ్లం?

"ఇంజనీరమ్మా! కీలు గట్టిపడదు, సరే. ఇల్లు తేలికపడదా?"

"అంటే?"

"మెడ మొయ్యలేకపోతే గంపలోయి తీసేత్తాం కదమ్మా. మెడ కోసేసుకోం కదా!"

గ్రేస్‌మణి గారు మొదటిసారి పూర్తిగా కళ్లు తెరిచారు. పెట్టెతో ఏదో మాట్లాడారు. రెండు నిమిషాల తర్వాత, "ఆరు వందల యాభై కిలోలు తీసేయగలిగితే ఈ కీలు ఆగుతుంది. సగం చేసి చూశాను, అప్పుడు కూడా ఆగుతోంది. కానీ ఒక ఇంట్లో అంత బరువు ఎక్కడుంటుంది?" అన్నారు.

ఆవిడ పేరంటాలక్క ఇంట్లోకి ఎప్పుడూ వెళ్లలేదన్నమాట.

రుబ్బురోళ్లు నాలుగు. తిరగలి రాళ్లు మూడు జతలు, ఒకటి సగం. ఇత్తడి గుండిగలు పదకొండు, ఒకదాన్లో ఒకటి, అన్నిటికన్నా చిన్నదాన్లో పాత తాళాలు. ఉప్పు బస్తాలు. "ఉప్పా? సముద్రం మీద కూర్చుని?" అన్నాడు తాతబ్బాయి. "సముద్రాన్ని నమ్ముతావేట్రా?" అంది ఆవిడ. పాత పడవ లంగరు. ఇంకో లంగరు. కుట్టుమిషను. పెళ్లిళ్లలో ఇచ్చిన గోడగడియారాలు, నడవనివి, తొమ్మిది. ప్రతిదాన్నీ నడుమ తెప్ప మీది కాటాలో వేసి పెట్టె బాకాలో చదివింది: "పేరంటాలు గారి రెండవ లంగరు. నలభై నాలుగు కిలోలు." ఊరంతా విన్నది. ఆవిడ ప్రతి వస్తువు వెనకాలా గుమ్మం దాకా వచ్చి, "అదొద్దురా, అది తేలికే!" అని అరిచింది.

చివరికి ఇనప మంచం. ఆవిడ దిగలేదు. మంచంతో పాటు ఎత్తారు. కీలు దాటి మంచం నా ఇంట్లో దింపారు, ఆవిడ దాని మీదే కూర్చుని ఉంది.

"రెండొందల నలభయ్యంట" అంది నా వైపు చూడకుండా.

అక్టోబరు 13, సోమవారం

తుపాను నిన్న మధ్యాహ్నం రెండింటికి వచ్చి, దీపాలు పెట్టే వేళకి దాటిపోయింది. మా ఇద్దరం నా కిటికీ దగ్గర కూర్చున్నాం. కీలు పక్కన ఇత్తడి వేళ్లు మూడు, ఒకదాని కింద ఒకటి కట్టి వెళ్లారు గ్రేస్‌మణి గారు. మూడో వేలు దాటితే తెగినట్టే.

ఒక్కో అల వచ్చినప్పుడు కీలు దిగేది, లేచేది. నేను కళ్లు మూసుకునేదాన్ని. పేరంటాలక్క చూసి చెప్పేది.

"ఒకటిన్నర. రెండు. లేచింది. ఒలే, నువ్వు ఊపిరి పీల్చు, నువ్వు పీల్చకపోతే అదేం గట్టిపడదు. రెండు. రెండున్నర..."

 నా చెయ్యి ఎవరో పట్టుకున్నట్టయింది. ఆ వంకాయ వేళ్లే.

"రెండుంబావు" అంది. "లేచింది."

కళ్లు తెరిచాను. అటు ఆవిడ ఇల్లు గాలికి తలుపులు కొట్టుకుంటూ, అక్కడే ఉంది.

అక్టోబరు 14, మంగళవారం

పొద్దున్న పేరంటాలక్క కీలు దాటి తన ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి కేక వినిపించింది. గుండె ఆగినంత పనై పరుగెత్తాను. ఆవిడ ఖాళీ గది నడుమ నిలబడి, చేతులు చాపి, చుట్టూ తిరుగుతోంది.

"ఒలే రత్నం, ఈ ఇల్లు ఇంతుందేటే! ఇన్నాళ్లూ నేను లంగర్ల సందులో కాపరం సేశాను!"

సామాన్లు ఎప్పుడు తెమ్మంటావు పెద్దమ్మా అని తాతబ్బాయి అడిగితే, మంచమూ ఒక గుండిగా చాలు, మిగతావి ఎవరికి కావాలంటే వాళ్లకివ్వమంది. తొమ్మిది గడియారాలు ఎవరూ పట్టుకెళ్లలేదు.

గ్రేస్‌మణి గారు కీలు చూడ్డానికి వచ్చారు. రబ్బరు మార్పించారు. వంగి చూసి, తల గోక్కున్నారు. ఇల్లు మరీ తేలికై తెప్ప పైకి తేలిందట. కీలు ఇప్పుడు నా వైపుకి వంగుతోందట.

"కాస్త బరువు కావాలి మామ్మగారూ. ఓ అరవై కిలోలు. ఇసక మూట ఒకటి పెట్టిస్తాను."

"ఇసక మూటా?" అంది పేరంటాలక్క. "దాంతో నేనేటి మాటాడతాను?"

నన్ను కాలి గోటి నుంచి నెత్తి దాకా చూసింది.

"ఇది అరవై ఉండదేటమ్మా?"

నన్ను కాటా ఎక్కించారు. అరవై రెండు. బాకాలో చదివారు కూడా. రోజూ కీలు తుడవడం అయ్యాక సాయంత్రం దాకా ఎనభై ఏడు అవతల కూర్చోవాలని, రాత్రిపూట మాత్రం మూట పెట్టుకోవచ్చని గ్రేస్‌మణి గారు కాగితం మీద రాసిచ్చారు.

వెళ్లి, ఆవిడ చూపించిన చోట కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలోంచి వంగి కీలు వంక చూసింది.

"కొద్దిగా ఇటు జరుగు. ఇంకొంచెం. ఆఁ, సరిపోయింది. ఇక కదిలేవో, ఊరు మునుగుద్ది" అని, బియ్యం చేట ముందేసుకుని, మా పెళ్లిళ్ల నాటి నుంచీ కబుర్లు మొదలుపెట్టింది.